చల్కనేల నుండి మెల్‌బోర్ను వరకు: ఫుట్‌బాలు ఆటగాని పాదరక్ష చరిత్ర

హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు త్రోవలో, మహేశ్వరము ప్రాంతమునకు చెందిన తుక్కుగూడ నేల యెట్టిదో ఆ యూరివారికి వేరుగా చెప్ప నక్కరలేదు. పైన ఎఱ్ఱని చల్క, దాని క్రింద మొరము, అచ్చటచ్చట తల యెత్తి చూచు బండలు. వానలు వెలిసిన పిదప పల్లేరు కాయలు, ఎండలలో తుమ్మముండ్లు. ఇట్టి నేలపై చెప్పులు ఒకమూల విడిచి బంతి తన్నని బాలుడు అరుదు. వాని యరికాలు కాలక్రమమున చెప్పు అట్టవలె గట్టిపడును. ఎదురుదెబ్బ తగిలి బొటనవ్రేలి గోరు ఊడిన దినమున మాత్రము వాడు ఇంటికి కుంటుచు వచ్చి తల్లిచేత పసుపు పెట్టించుకొనును. మరునాడు మరల ఆటకు పోవును.

ఈ బాలుని పాదమునకును, ఒకనాడు ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము నందిన భారత జట్టు పాదమునకును మధ్య దూరము మిక్కిలి తక్కువ. ఆ జట్టులోని పెక్కురు ఇట్టి నేలలమీదనే, ఇట్లే ఆట నేర్చినవారు. వారిని తీర్చిన గురువు హైదరాబాదువాడు. బూటు లేని పాదము బూటులోనికి వచ్చుటకు మన దేశమున ఎంతకాలము పట్టినది, ఆ మార్పులో హైదరాబాదు పాత్ర యేమి, ఆ మార్పు పాదమున కెట్టి సుఖమును, ఎట్టి కష్టమును తెచ్చినది అను విషయము ఆటల చరిత్రలలో గోలుల లెక్కల నడుమ మరుగుపడిపోయినది. గోలు చేయునది పాదమే గనుక దాని కథ కొంత విపులముగా తెలిసికొనదగి యున్నది.

మనుష్యుని పాదములో ఇరువదియారు ఎముకలున్నవి. వానిని పట్టి యుంచు నరములును కండరములును అనేకములు. నడచునపుడు ఒక పాదము దేహభారమును మోయును. పరుగెత్తునపుడు దానికి రెట్టింపునకు మించిన ఒత్తిడిని భరించును. ఫుట్‌బాలు ఆటలో ఈ భారముతో పాటు తన్నుట, తిరుగుట, హఠాత్తుగా నిలుచుట, ఎదుటివాని కాలి తాకిడి కూడ చేరును. చేతితో ఆడు ఆటలలో పాదము వాహనము మాత్రమే. ఈ యాటలో అదియే వాహనము, అదియే ఆయుధము.

ఇంగ్లండులో 1863వ సంవత్సరమున ఈ యాటకు మొట్టమొదట నియమములు వ్రాసినపుడే పాదరక్షల ప్రస్తావన వచ్చినది. బూటు అడుగున గాని మడమన గాని పొడుచుకొని వచ్చు మేకులను, ఇనుప రేకులను ఎవ్వరును ధరింపరాదని అందొక నియమము. గమనింపదగిన దేమనగా, ఆ నియమము బూటు ధరించినవాని పాదమును కాపాడుటకు గాక, ఎదుటివాని కాలిని కాపాడుటకు పుట్టినది. 1874లో నాటింగ్‌హాము ఫారెస్టు జట్టు ఆటగాడు విడొసన్ మోకాలి క్రింది యెముకకు కవచము కట్టుకొని మైదానమునకు వచ్చెను. చూచినవారు మొదట నవ్వినను, క్రమముగా అందరును దానిని స్వీకరించిరి. అయినను ఆ కవచము తప్పనిసరి యగుటకు 1990వ సంవత్సరము దాక ఆగవలసి వచ్చినది. తోటివాని దెబ్బ నుండి తన్ను కాపాడుకొనుట పిరికితనమను భావము ఆటలలో చాలకాలము నిలిచి యున్నదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మన దేశమునకు ఈ యాటను ఆంగ్ల సైనికులు తెచ్చిరి. సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారము దండు ప్రదేశములలో పల్టనులవారు బరువైన తోలుబూట్లతో ఆడుచుండగా చుట్టుప్రక్కల బాలురు గట్టున నిలిచి చూచి, తరువాత అదే బంతిని వట్టి కాళ్ళతో తన్నిరి. కలకత్తాలో 1911 జూలై 29వ తేదీన మోహన్ బగాన్ జట్టు ఈస్టు యార్కుషైరు పల్టనును 2–1 గోలుల తేడాతో ఓడించి షీల్డు గెలిచిన దినమున, ఆ జట్టు పదునొకండుగురిలో పదిమంది బూట్లు లేకయే ఆడిరి. ఈ విజయము దేశమునకు గర్వకారణ మైనది. దానితోపాటు ఒక నమ్మకమును కూడ కలిగించినది: బూటు దొరల అలంకారమనియు, మన పాదమునకు అది అక్కరలేదనియు.

ఈ నమ్మకమును మూఢత్వమని త్రోసివేయుట న్యాయము కాదు. పేదరికము ఒక కారణమే గాని అదియొక్కటే కారణము కాదు. వట్టి పాదమునకు బంతి స్పర్శ తెలియును. బొటనవ్రేలి ప్రక్కభాగముతో బంతిని నిలిపి, అరికాలితో వెనుకకు లాగి, పాదము పైభాగముతో మెల్లగా మిత్రున కందించుటలో బూట్లు లేని ఆటగాని నేర్పు అసాధారణము. పొడి నేలపై వాడు లేడివలె తిరుగును. చీలమండకు బట్టతో గాని, యాంక్లెటు అను సాగుడుపట్టీతో గాని గట్టిగా చుట్టుకొనుట వాని ఏకైక రక్షణ. చీలమండ బెణుకకుండ ఆ కట్టు కొంతవరకు కాపాడినమాట నిజము. అయితే వ్రేళ్ళకును, గోళ్ళకును, పాదము పైనున్న సన్నని యెముకలకును దానివలన ఏ రక్షణయు లేదు. బూటు వేసిన ప్రత్యర్థి కాలు పడినచో పాదము చితుకును. దీనివలన వట్టికాళ్ళవాడు ఇద్దరికిని అందుబాటులో నున్న బంతికై కాలు చాపుటకు సహజముగా జంకును. నేల తడిసినచో వాని లేడి పరుగు ఆగిపోవును. తడిసి మెత్తబడిన తోలుబంతి బరువెక్కి, దూరము తన్నబోవు వ్రేళ్ళకు రాయివలె తగులును.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948 జూలై 31వ తేదీన, లండను ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు ఇల్ఫర్డు మైదానమున ఫ్రాన్సును ఎదుర్కొనెను. జట్టు నాయకుడు నాగా ప్రాంతపు తాలిమెరెన్ ఆవో. కలకత్తాలో వైద్యవిద్య అభ్యసించుచుండినవాడు. పాదమునందలి యెముకల పేర్లన్నియు చదివిన నాయకుని వెనుక అధికసంఖ్యాకులు బూట్లు లేక నడచిరి. సారంగపాణి రామన్ ఒక గోలు చేసెను. లభించిన రెండు పెనాల్టీలు వ్యర్థమైనవి. ఆట ముగియబోవు సమయమున ఫ్రాన్సు రెండవ గోలు చేసి 2–1తో గెలిచెను. ఓడినను వట్టికాళ్ళ నేర్పును చూచి లండను ప్రేక్షకులు మెచ్చుకొనిరి. ఆ మెచ్చుకోలు మనకు మేలుకంటె కీడే ఎక్కువ చేసినదనవచ్చును. మార్పు అవసరమని తోచవలసిన వేళ ముచ్చట మిగిలినది.

1950లో బ్రెజిలు దేశమున జరిగిన ప్రపంచ కప్పు పోటీలకు భారతదేశము పోకుండుటకు బూట్ల నియమమే కారణమని నేటికిని పలువురు చెప్పుదురు. చెప్పుట కది చక్కని కథయే. కాని నాటి అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్య చూపిన కారణములు జట్టు ఎన్నికలో భేదాభిప్రాయములు, అభ్యాసమునకు వ్యవధి చాలకుండుట మున్నగునవి. ఒలింపిక్సుకు ఇచ్చిన విలువ నాడు ప్రపంచ కప్పునకు ఈయలేదు. బూటు మీద మోపిన నిందలలో ఇది యొకటి. మరుసటి యేడు, 1951 మార్చి 10వ తేదీన, ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల తుదిపోటీలో మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో భారతదేశము ఇరానును ఓడించి స్వర్ణపతకము నందెను. నాడును మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేనివారే. ఎండిన ఢిల్లీ నేల వారి పాదములకు పరిచితమైనది.

హెల్సింకి నేల అట్టిది కాదు. 1952 జూలై 15వ తేదీన ఫిన్లండు దేశపు చలిలో, మెత్తని తడి పచ్చికపై, శైలేన్ మన్నా నాయకత్వమున భారతజట్టు యుగోస్లావియాను ఎదుర్కొనెను. అధికసంఖ్యాకులు వట్టికాళ్ళతోనే ఉండిరి. చలికి పాదము కొయ్యబారినపుడు స్పర్శ పోవును. ఏ స్పర్శకొఱకై బూటు వలదనుకొనిరో ఆ స్పర్శయే అక్కడ లేకపోయెను. జారిన పాదము నిలువదు. నిలువని పాదము తన్నజాలదు. 10–1 గోలులతో మనవారు ఓడిరి. ఆ యొక్క గోలు అహమ్మద్ ఖాన్ చేసినది. యుగోస్లావియా అప్పటి మేటి జట్లలో నొకటి యని, బూట్లున్నను ఓటమి తప్పెడిది కాదని అనువారు కలరు. అది నిజమే కావచ్చును. పది గోలుల ఓటమిని పాదరక్షల మీదికే నెట్టుట తగదు. మన ఆటపద్ధతియు పాతబడినదే. అయినను ఆ దినముతో వట్టికాళ్ళ వాదము ముగిసెను. తరువాత ఫుట్‌బాలు సమాఖ్య బూట్లు తప్పక ధరింపవలెనని నియమము చేసెను.

నియమము ఒక దినములో చేయవచ్చును. పాదము ఒక దినములో మారదు. నాటి బూటు ఎట్టిదో తలచినచో ఆటగాండ్ర కష్టము తెలియును. మందమైన పశుచర్మము, చీలమండ పైదాక కప్పు ఎత్తు, వ్రేళ్ళమీద గట్టి టోపీవంటి ముందుభాగము, అడుగున తోలుముక్కలను పొరలుగా పేర్చి మేకులతో కొట్టిన దిమ్మెలు. ఒక్కొక్క బూటు అరకిలో వరకు తూగెడిది. వాన తగిలినచో నీరు పీల్చి దాదాపు రెట్టింపు బరువగును. దిమ్మె అరిగినకొలది మేకుమొన లోపలికి తలయెత్తి అరికాలిలో గ్రుచ్చుకొనును. ఇది చాలక మరియొక చిక్కు. చిన్ననాటి నుండి చెప్పు లేక పెరిగిన పాదము ముందుభాగమున వెడల్పుగా విచ్చుకొని యుండును. వ్రేళ్ళ నడుమ ఎడముండును. ఐరోపావారి అచ్చుమీద కుట్టిన బూటు సన్ననిది. ఆ సన్నని తోలుగూటిలో మన వెడల్పు పాదమును దూర్చినపుడు చిటికెనవ్రేలి ప్రక్క బొబ్బలు, మడమవెనుక ఒరుపులు, కొలదికాలమునకు ఆనెకాయలు. బొబ్బ నొప్పికి ఆటగాడు పాదమును వంకరగా మోపును. వంకరగా మోపిన పాదము చీలమండను బెణికించును. ఆ బెణుకునకు ఓర్చుకొని పరుగెత్తినచో మోకాలికి చేటు. సరిపడని బూటు వట్టికాలికంటె అపాయకర మని నాటి ఆటగాండ్రు అనుభవముచేత నెరిగిరి.

ఈ సంధికాలమున హైదరాబాదుకు సయ్యద్ అబ్దుల్ రహీము వంటి గురువు దొరకుట ఒక భాగ్యము. 1909లో హైదరాబాదున జన్మించిన రహీము వృత్తిచే ఉపాధ్యాయుడు. నగరములోని పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పినవాడు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పు గెలిచెను. అట్టి వరుస ఆ పోటీ చరిత్రలోనే గొప్పది. 1950లోనే ఢిల్లీ డ్యూరండు కప్పు కూడ ఆ జట్టు కైవసమైనది. హెల్సింకి ఓటమి రహీము శిక్షణలో జరిగినదే. దానినుండి ఆయన నేర్చిన పాఠము ఇతరులు నేర్చినదానికంటె లోతైనది. ఇతరులకు బూట్లు లేవని తోచెను. రహీమునకు ఆటయే మార్చవలెనని తోచెను.

ఆయన పద్ధతిలో రెండు విషయములు పాదముతో నేరుగా ముడివడి యున్నవి. మొదటిది, బంతిని కాలివద్ద నుంచుకొని ఒంటరిగా అల్లికలు అల్లుటకు బదులు, వచ్చిన బంతిని వెంటనే మిత్రున కందించుట. బంతిని పట్టుకొని యున్నవాని కాలికే ఎదుటివాడు గురిపెట్టును గనుక, త్వరగా అందించువాని పాదము తక్కువ దెబ్బలు తినును. ఆట వేగమునకై పుట్టిన ఈ నియమము పాదమునకు కవచము కూడ నయ్యెను. రెండవది, రెండు కాళ్ళతోను సమానముగా ఆడుట. బలహీనమైన కాలితోనే బంతి తన్నవలెనను నిబంధనతో రహీము ప్రత్యేకముగా పోటీలు జరిపించెను. చూచువారికి అది వినోదముగా తోచినను దానియందు వైద్యశాస్త్రము కూడ దాగి యున్నది: ఎల్లపుడును ఒకే కాలితో తన్నువాని రెండవకాలు భారము మోయుటకే పరిమితమై, కండరములు సమముగా పెరుగక, అలసినపుడు మొదట గాయపడును.

1953 నవంబరు 25వ తేదీన హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6–3 గోలులతో ఓడించెను. ఆ దినమున హంగరీవారి కాళ్ళకున్న తేలికైన, చీలమండకు దిగువగా కోసిన బూట్లను చూచి ఆంగ్లేయులు మొదట చులకన చేసిరని ప్రసిద్ధి. ఆట ముగిసిన పిదప ఆ చులకన మిగులలేదు. హంగరీవారి ఆటతీరును రహీము శ్రద్ధతో పరిశీలించి, మన జట్టునకు అనువుగా మలచెను. మరుసటి యేడు జూలై 4వ తేదీన స్విట్జర్లండులోని బెర్నులో ప్రపంచ కప్పు తుదిపోటీ వానలో జరిగెను. పశ్చిమ జర్మనీ ఆటగాండ్ర బూట్ల అడుగున మరలతో బిగించు దిమ్మె లుండెను. వానిని చేసినవాడు ఆడి డాస్లరు. నేల తడిసినపుడు పొడవైన దిమ్మెలు బిగించుకొని వారు 3–2తో అదే హంగరీని ఓడించిరి. బూటు నేలను బట్టి మారవలెను గాని నేల బూటును బట్టి మారదను సత్యము నాటితో ప్రపంచమునకు తెలిసినది.

ఇవన్నియు ధనిక దేశముల మాటలు. సికింద్రాబాదు దండు శివార్లలోని అమ్ముగూడ బాలునకు బూటు జోడు కొనుటయే కలలోని మాట. ఆ బాలుడు తులసీదాస్ బలరాము. పేదకుటుంబమున పుట్టినవాడు. బూట్లు కొనలేక లాల్‌బజారులోని ఒక చర్మకారుని ఆశ్రయించి, పోలీసులు వాడి పారవేసిన పాత బూట్లను ఆట బూట్లుగా మార్పించుకొన్న వృత్తాంతము ఆయన స్వయముగా చెప్పుకొన్నదే. పాత తోలు గట్టిది, అరిగినది. అయినను అది ఆ చర్మకారుని చేతిలో ఆ బాలుని పాదమున కనువుగా కుదిరినది. అంగడిలో దొరకు కొత్తబూటునకు లేని గుణము దాని కుండెను. మెత్తబడిన తోలు, ఎదుట నిలిచిన పాదమును చూచి వేసిన కుట్టు, ఈ రెండును బొబ్బలకు మందు. ఆ చర్మకారుని పేరు ఏ క్రీడాచరిత్రలోను లేదు. ఉండవలసినది. రహీము కంటబడిన పిదప బలరాము, అభ్యాసమునకు దూరము పోవలసియుండగా, సైకిలు అద్దెకు గురువే సొమ్ము ఇచ్చెడివాడని చెప్పుదురు. నడచి అలసిన కాళ్ళతో ఆట నేర్పుట వ్యర్థమని ఆ యుపాధ్యాయు డెరుగును.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము అవతరించెను. సరిగా నెల గడచిన పిమ్మట, డిసెంబరు 1వ తేదీన, మెల్‌బోర్ను ఒలింపిక్సులో భారతజట్టు ఆస్ట్రేలియాను వారి సొంత నేలపై 4–2 గోలులతో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఈ జట్టుతో పోయినవారిలో నూర్ మహమ్మదు, అజీజుద్దీను, అహమ్మద్ హుస్సేను, జుల్ఫికరుద్దీను, పీటర్ తంగరాజు, బలరాము మున్నగు హైదరాబాదు సంబంధము గలవారు పలువురుండిరి. అందరి కాళ్ళకును బూట్లుండెను. తరువాతి ఆటలో మరల అదే యుగోస్లావియా ఎదురయ్యెను. ఈమారు తొలిగోలు మనవారిదే. చివరకు 4–1తో ఓడినను, నాలుగేండ్ల క్రిందటి పదింటికి నేటి నాలుగింటికి గల భేదము స్వల్పము కాదు. మూడవస్థానమునకై ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి భారతదేశము నాలుగవ స్థానమున నిలిచెను. వట్టికాళ్ళనాటి సున్నితమైన స్పర్శను పోగొట్టుకొనక, బూటు ఇచ్చు ధైర్యమును దానికి చేర్చుట ఆ జట్టు సాధించిన కార్యము. ఆ స్పర్శ వేరు విధమున వచ్చునది కాదు. పిన్ననాటి చల్కనేల నేర్పినది.

ఆ కాలమున గాయపడిన ఆటగానికి బదులు మరియొకని దింపుట నియమములలో లేకుండెను. ప్రపంచ కప్పు పోటీలలో ఆ సౌకర్యము 1970లో గాని రాలేదు. కాలు బెణికినవాడు మైదానము విడిచినచో జట్టు పదుగురితో ఆడవలెను. అందుచేత కుంటుచునైనను అంచున నిలిచియుండుట మర్యాదగా ఎంచబడెను. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో రహీము శిష్యులు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా స్వర్ణము తెచ్చినపుడు, అంతకు పూర్వపు ఆటలో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగు, వెనుకవరుస నుండి ముందువరుసకు మార్పబడి, ఆ తలతోనే గోలు చేసెను. వీరకథగా దానిని చెప్పుకొనుట సహజము. నేటి వైద్యులు ఆ కథను మెచ్చుకొందురు గాని అట్లు ఆడుటకు అనుమతింపరు. ఆ విజయమునాటికి రహీము క్యాన్సరుతో బాధపడుచుండెను. 1963 జూన్ 11న మరణించెను. హైదరాబాదు ఫుట్‌బాలు వైభవము తరువాత కొన్నేండ్లు నిలిచినది. 1965–66లో ఆంధ్రప్రదేశము సంతోషు ట్రోఫీ గెలిచినది. పిదప క్రమముగా సన్నగిల్లినది. బలరాము 2023 ఫిబ్రవరిలో కన్నుమూసెను. 2024లో రహీము జీవితము హిందీ చలనచిత్రముగా వచ్చిన మీదట గాని, ఆయన తమ నగరమువాడని హైదరాబాదులో పెక్కురు యువకులకు తెలియలేదు.

బూటు మాత్రము అప్పటినుండి మిక్కిలి మారినది. అరకిలో బూటు నేడు రెండువందల గ్రాములకు అటునిటుగా నున్నది. చీలమండ పైదాక కప్పు తోలు పోయినది. పశుచర్మమునకు బదులు కృత్రిమ పదార్థములు వచ్చినవి. తేలికదనముతో కొత్త చిక్కులును వచ్చినవి. పాదముపై కప్పు పలుచనగుటచే త్రొక్కుడు దెబ్బ లోపలికి చేరును. అడుగు మిక్కిలి గట్టిగా నేలను పట్టుటచే, దేహము తిరిగినను పాదము తిరుగక మోకాలిలోని నరము తెగు ప్రమాద మేర్పడినది. తుక్కుగూడవంటి ఊళ్ళ యువకులు దూరదర్శనములో చూచిన విదేశీయాటగాని బూటు వంటిదే కొనవలెనని తలచుటలోని పొరపాటు ఇక్కడనే యున్నది. ఆ బూటు మెత్తని తడిపచ్చిక కొఱకు చేసినది. దాని పొడవైన దిమ్మెలు ఆ మట్టిలోనికి దిగును. మొరపునేలలో దిగక, ఆటగానిని మేకులపై నిలిపినట్లు నిలుపును. ఒత్తిడి యంతయు మడమకును ముందుపాదమునకును చేరి, చీలమండ ఒరిగిపోవును. గట్టినేలకు పొట్టిగా, ఒత్తుగా నున్న రబ్బరు దిమ్మెల బూటు తగినది. ధర కూడ దానిదే తక్కువ.

కొలత విషయమున లాల్‌బజారు చర్మకారుని విద్యయే నేటికిని ప్రమాణము. సాయంకాలము పాదము కొంచెము ఉబ్బి యుండును గనుక ఆ వేళనే, ఆటలో వేయు మేజోళ్ళతోనే, బూటు తొడిగి చూడవలెను. రెండు పాదములు సమముగా నుండుట అరుదు, పెద్దదానికి సరిపోవలెను. నిలుచున్నపుడు పొడవైన వ్రేలికిని బూటు కొనకును నడుమ సుమారు అరబొటనవ్రేలి ఎడము చాలును. పిల్లవాడు పెరుగుచున్నాడని రెండంకెలు పెద్దది కొనుట మన యిండ్లలో పాత అలవాటు. వదులుబూటులో జారు పాదమే బొబ్బలకును బెణుకులకును మొదటి చోటు. కొత్తబూటును మ్యాచి దినమున తొడుగరాదు. తడిసినదానిని పొయ్యి ప్రక్కనో, ఎండలోనో పెట్టినచో పగులును. లోపల పాత పత్రికల కాగితములు కూరి నీడన ఆరబెట్టుట మేలు. గోళ్ళను గుండ్రముగా గాక అడ్డముగా తిన్నగా కత్తిరించినచో అవి కండలోనికి పెరుగవు. ఎనిమిది మొదలు పదునాలుగేండ్ల బాలురు మడమవెనుక నొప్పి అని చెప్పినచో సోమరితన మని గద్దింపరాదు. పెరుగు యెముకమీద పిక్కకండరము లాగుటచే అది కలుగును, కొన్నాళ్ళ విశ్రాంతితో పోవును.

చీలమండ బెణుకు ఈ యాటలో అన్నిటికంటె తరచైన గాయములలో నొకటి. పల్లెలలో వెంటనే పట్టి లాగించి, నూనెతో గట్టిగా మర్దన చేయించు ఆచారము కలదు. తాజా బెణుకునకు అది కీడు. లోపలి వాపును పెంచును. కాలిని ఎత్తుగా నుంచి, బట్టలో చుట్టిన మంచుగడ్డ పెట్టి, మెత్తని కట్టు కట్టవలెను. నాలుగడుగులు వేయలేనివానికి ఎముక విరిగెనేమో యని వైద్యునకు చూపక తప్పదు. నొప్పి తగ్గిన వెంటనే ఆటకు దిగువానికి అదే చీలమండ మరల బెణుకును. ఒంటికాలిపై కదలక నిలుచు అభ్యాసము కొన్ని వారములు చేసినచో ఆ యపాయము తగ్గును. ప్రపంచ ఫుట్‌బాలు సంస్థ 2006లో రూపొందించిన సన్నాహ వ్యాయామములలోను ఇదియే ముఖ్యాంశము. పరుగు, ఒంటికాలి నిలుకడ, గెంతు, తొడకండరముల సాధన కలిపి ఇరువది నిమిషములలో ముగియును. దానికి బంతియు మైదానమును తప్ప సామగ్రి అక్కరలేదు. నార్వే దేశపు బాలికల జట్లపై జరిపిన పరిశీలనలో ఆ వ్యాయామము క్రమముగా చేసినవారికి గాయములు తగ్గినట్లు తేలినది. రహీము తన శిష్యులచే బలహీనమైన కాలితో ఆడించిననాడు ఈ పరిశీలనలు లేవు.

నేటి ఆట నియమములలో నాలుగవది ఆటగాని ధరింపుదలకు సంబంధించినది. పాదరక్ష లేనివాడు ఆడరాదు. ఆట ఆరంభమునకు పూర్వము న్యాయనిర్ణేత బూట్ల అడుగులు పరీక్షించి, పదునెక్కిన దిమ్మె యున్నచో మార్పించును. ఆ నియమములోనే ఒక చిన్న మినహాయింపు కలదు. ఆటమధ్యమున ఎవ్వని బూటైనను అనుకొనక ఊడిపోయినచో, బంతి తరువాతిమారు మైదానము దాటునంతవరకు వాడు వట్టికాలితో ఆడవచ్చును. ఆ నడుమ వాడు ఆ కాలితో గోలు చేసినచో అది చెల్లును.